దక్కన్ ఎయిర్‌వేస్ జీతపు చీటీలు: మా తాత ఉద్యోగాన్ని వెతికిన నాలుగేళ్లు

మెట్టుగూడలో మా తాత కట్టించిన ఇల్లు 2021లో అమ్ముడుపోయినప్పుడు, పంపకాల్లో ఎవరూ అడగని ఒక ఇనుప పెట్టె నా వంతుకు వచ్చింది. అందులో పురికొసతో కట్టిన జీతపు చీటీల కట్ట, నల్ల అట్టలున్న రెండు చిన్న డైరీలు, రెండు ఇంజన్ల విమానం ముందు పన్నెండు మంది వరుసగా నిలబడి దిగిన ఫొటో, నూనె మరకల గుడ్డలో చుట్టిపెట్టిన అరచేతి పొడవు లోహపు వస్తువు ఒకటి ఉన్నాయి. చీటీల తలకట్టు మీద ఇంగ్లీషులో దక్కన్ ఎయిర్‌వేస్ లిమిటెడ్ అని అచ్చయి ఉంది. వివరాలు మాత్రం చేతిరాతలో, ఎక్కువ భాగం ఉర్దూలో ఉన్నాయి.

మా ఇంట్లో తాత గురించి రెండు మాటలు చెప్పుకొనేవారు. ఆయన నిజాం కాలంలో విమానం నడిపేవారన్నది మొదటి మాట. దానిని అందరూ నమ్మారు, పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు కూడా చెప్పుకొన్నారు. ఆయన పనిచేసిన కంపెనీలో ఒక ఆడమనిషి కూడా విమానం నడిపేదన్నది రెండవ మాట. అది తాత పిల్లలను ఆడించడానికి చెప్పిన కథ అని మా నాన్నతో సహా అందరూ కొట్టిపారేశారు. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుకొని, ఆయన ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ పని చేశారో ఒక కాగితం మీద రాసిపెట్టాలన్న చిన్న కోరికతో నేను వెతకడం మొదలుపెట్టాను. కళాశాలలో వాణిజ్యశాస్త్రం చెప్పే మనిషిని కనుక, జీతపు చీటీలున్న చోట సర్వీసు రికార్డు దొరకడం ఎంతసేపు అనుకున్నాను. నాలుగేళ్లు పట్టింది.

ముందు ఆ సంస్థ గురించి తెలుసుకున్నాను. దక్కన్ ఎయిర్‌వేస్ 1945లో హైదరాబాదు సంస్థాన ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన కంపెనీ. దానికి ఇల్లు బేగంపేట విమానాశ్రయమే. ఆనాటి నిజాం ప్రభుత్వానికి రవాణా అంటే రైలు ఒక్కటే కాదు. 1930లో రైల్వేను ప్రైవేటు కంపెనీ చేతుల్లోనుంచి తన చేతిలోకి తీసుకున్న రెండేళ్లకే, 1932 జూన్‌లో, 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో అదే రైల్వే కింద బస్సుల విభాగాన్ని పెట్టింది. మన ఆర్టీసీ మూలం అక్కడ ఉంది. పట్టాలు, రోడ్డు అయిన తరువాత ఆకాశం వంతు వచ్చింది. యుద్ధం ముగిసేసరికి అమెరికా సైన్యం మన దేశంలో వదిలి వెళ్లిన డకోటా విమానాలు చవకగా అమ్మకానికి వచ్చాయి. సరుకులు, సైనికులను మోసిన ఆ విమానాల్లో చాలావాటిని బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం కుర్చీలు బిగించి ప్రయాణికులకు పనికివచ్చేలా మార్చింది. దేశంలో అప్పుడు పుట్టుకొచ్చిన విమాన కంపెనీలన్నీ దాదాపు ఈ డకోటాల మీదే బతికాయి. దక్కన్ ఎయిర్‌వేస్ కూడా వాటితోనే హైదరాబాదును మద్రాసు, బెంగుళూరులతో, ఆ తరువాత నాగపూరు మీదుగా ఢిల్లీతో కలిపింది.

ఇంతవరకు పుస్తకాల్లో దొరుకుతుంది. అందులో పనిచేసిన మనుషుల పేర్లు మాత్రం పుస్తకాల్లో లేవు. వాటికోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాను. గుర్తింపు కార్డు, వెతుకుతున్న అంశాన్ని వివరించే దరఖాస్తు, కళాశాల నుంచి తెచ్చిన పరిచయ లేఖ ఇచ్చి లోపలికి వెళ్లిన మొదటి వారం నేను చేసిన పెద్ద పొరపాటు, విమానం అన్న మాట కోసం జాబితాలు తిరగేయడం. అక్కడి ఉద్యోగి ఒకరు నా అవస్థ చూసి, "మేడం, మీరు పేరును వెతుకుతున్నరు, డబ్బును వెతకండి. డబ్బు ఏ శాఖ ఇచ్చిందో ఫైలు ఆ శాఖలో ఉంటది" అన్నారు. లెక్కల పాఠాలు చెప్పే నాకు ఆ మాట ముందే తట్టవలసింది. ఆ రోజు నుంచి ఆర్థిక శాఖ, రైల్వే శాఖల జాబితాలు చూడడం మొదలుపెట్టాను. పాత సంస్థల చరిత్ర వెతికే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే.

ఆ కాగితాలు చదవడం మరొక సమస్య. సంస్థానంలో రాజభాష ఉర్దూ. అచ్చు ఉర్దూను కూడబలుక్కొని చదవగలను కానీ, గుమాస్తాల వేగమైన చేతిరాత నాకు గీతల గుంపులాగే కనిపించింది. మల్లేపల్లిలో ఉండే ఒక విశ్రాంత ఉర్దూ అధ్యాపకురాలు, మా సహోద్యోగి ద్వారా పరిచయమైనవారు, వారానికి ఒక సాయంత్రం నాకోసం కేటాయించారు. నేను ఆమెను ఆపా అని పిలిచేదాన్ని. ఆమె భూతద్దంతో చీటీని పట్టుకొని పైకి చదివేవారు, నేను తెలుగులో రాసుకొనేదాన్ని. ఏడాదిన్నర అలా గడిచింది. ఒక్కసారి కూడా ఆమె డబ్బు ముట్టలేదు. తన తండ్రి కూడా నిజాం సొంత ఆస్తులు చూసే సర్ఫెఖాస్ శాఖలో చిన్న ఉద్యోగి అని, ఆయన చీటీ ఒక్కటీ మిగలలేదని చెప్పి, "మీ తాత దాచుకున్నారు, ఇది చదవడం నాకూ పుణ్యమే" అనేవారు.

మొదటి ఆరు నెలలు మేమిద్దరం తప్పు తేదీలతోనే పనిచేశాం. చీటీల మీద ఉన్నది ఇంగ్లీషు తేదీ కాదు, సంస్థానంలో అధికారికంగా వాడిన ఫస్లీ సంవత్సరం. ఫస్లీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుందని ఎవరో చెప్పగా విని, కట్టలో అన్నిటికంటే పాతదైన ఫర్వర్దీ 1356 చీటీని 1946గా రాసుకున్నాను. సంస్థానపు ఫస్లీ ఏడాది అక్టోబరు మొదటివారంలో ఆజుర్ నెలతో మొదలయ్యేదన్న సంగతి తెలిసేదాకా ఆ లెక్క సరిచేసుకోలేదు. ఆజుర్ నుంచి డిసెంబరు చివరి దాకా అయితే 590 కలపాలి, జనవరి నుంచి మళ్లీ ఏడాది మారేదాకా 591 కలపాలి. ఫర్వర్దీ ఐదవ నెల, అంటే దాదాపు ఫిబ్రవరి. కాబట్టి తాత తొలి చీటీ 1947 ఫిబ్రవరిది. ఒక్క అంకె తేడాతో ఆయన సర్వీసు నా లెక్కలో ఏడాది పెరిగిపోయింది. నిజాం కాలం నాటి భూమి పత్రాలు, స్కూలు సర్టిఫికెట్లు చూసుకొనే కుటుంబాలు ఈ తేడాను తప్పక గుర్తుపెట్టుకోవాలి.

జీతం అంకె కూడా అలాగే మోసగించింది. చీటీలో 84 రూపాయలు అని ఉంది. అది సంస్థానపు సొంత నాణెం, హాలీ సిక్కా. ఇంగ్లీషు ప్రభుత్వపు రూపాయిని ఇక్కడ కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు వచ్చేవి. ఆ ప్రకారం తాత జీతం 72 కల్దార్ రూపాయలు. డైరీలో కొన్నిచోట్ల 72 అని, చీటీలో 84 అని ఉండడం చూసి మా చిన్నాన్న, "పన్నెండు రూపాయలు ఎవరో మింగారు" అన్నాడు. ఎవరూ మింగలేదు. మద్రాసు, నాగపూరు ప్రయాణాల్లో ఖర్చుపెట్టవలసింది కల్దార్ కనుక ఆయన ఆ లెక్కలో రాసుకున్నారు.

ఇక ఆయన చేసిన పని ఏమిటన్న ప్రశ్న. డైరీలు తెలుగులోనే ఉన్నాయి, మధ్యమధ్య ఉర్దూ మాటలు. "ముఖాం బేగంపేట. హాజరు." "ముఖాం నాగపూరు. రాత్రి అక్కడనే." అలాంటి పొడి వాక్యాలే అన్నీ. అయితే పేజీ పేజీకి ఒక అంకె తిరిగి తిరిగి వచ్చింది: "28, 28." ఒక్కోచోట "ఎడమ 28, కుడి 28." డకోటాలో ఇరవై ఒకటి మొదలుకొని ఇరవై ఎనిమిది దాకా సీట్లు ఉండేవి కనుక, అవి ప్రయాణికుల సంఖ్యలని, నడిపిన మనిషి రాసుకున్న లెక్క అని నేను సంతోషించాను. ఎడమవైపు 28 మంది, కుడివైపు 28 మంది ఎలా కూర్చుంటారన్న అనుమానం రావలసింది. పైలట్ తాత కావాలన్న కోరిక ఆ అనుమానాన్ని రానివ్వలేదు.

ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో నిర్వహణ విభాగంలో పనిచేసి, పదవీ విరమణ చేసి, ఇప్పుడు సైనిక్‌పురిలో ఉంటున్న ఒక పెద్దాయన దగ్గరికి డైరీల నకళ్లు పట్టుకెళ్లాను. ఆయన రెండు పేజీలు చదివి కళ్లద్దాలు తీసి, "అమ్మా, మీ తాతగారు మా వాడు" అన్నారు. డకోటాకు రెండు ఇంజన్లు. ఒక్కో ఇంజనుకు నక్షత్రం ఆకారంలో అమర్చిన పద్నాలుగు సిలిండర్లు. ఒక్కో సిలిండరుకు రెండేసి స్పార్క్ ప్లగ్గులు, రెండు వేరువేరు మాగ్నెటోల నుంచి నిప్పురవ్వ అందేలా పెడతారు. ఒకటి ఆగినా రెండవది మండిస్తుంది. పద్నాలుగు రెళ్లు ఇరవై ఎనిమిది. ఎడమ ఇంజనుకు 28, కుడి ఇంజనుకు 28. అన్నీ విప్పి, మసి గీకి, సందు కొలిచి మళ్లీ బిగించడం ఫిట్టర్ల పని. డైరీలో మరొకచోట ఉన్న "పొద్దున పంకా చేత్తో తిప్పితిమి" అన్న వాక్యాన్ని కూడా ఆయనే విడమరిచారు. ఆ రకం ఇంజను రాత్రంతా ఆగి ఉంటే నూనె జారి కింది సిలిండర్లలో చేరుతుంది. దానిని అలాగే స్టార్టు చేస్తే లోపలి కడ్డీలు వంగిపోతాయి. అందుకని ముందు ప్రొపెల్లరు రెక్కలను మనుషులు చేతులతో లాగి తిప్పి, అడ్డు లేదని చూసుకొని, ఆ తరువాతే పైలట్‌కు సైగ చేస్తారు. తాతకు ప్రొపెల్లరు పంకా.

ఆయన మాటలు వింటూ చేతి సంచిలోంచి ఆ గుడ్డ మూట తీశాను. అప్పటిదాకా దానిని మేము తాళం ముక్క అనో, తుపాకీ భాగమో అనుకున్నాం. పెద్దాయన దానిని వేళ్ల మధ్య తిప్పి, చివర ఉన్న సందును కిటికీ వెలుతురుకు పట్టి చూశారు. అది డకోటా స్పార్క్ ప్లగ్గు.

తాత పైలట్ కారు. ఆ సాయంత్రం ఇంటికి వస్తూ ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించిన మాట నిజం. కానీ ఆర్కైవ్స్‌లో ఆ తరువాత కొద్ది వారాలకు దొరికిన ఒక రైల్వే ఫైలు ఆ భావాన్ని పూర్తిగా తుడిచేసింది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు నుంచి బేగంపేటకు పంపిన పనివారి జాబితా అది. 1893లో పెట్టిన ఆ వర్క్‌షాపులో ఆవిరి ఇంజన్ల మీద చెయ్యి తిరిగిన ఫిట్టర్లు ఉండేవారు. విమానాల కంపెనీకి పనివారు కావలసివచ్చినప్పుడు వారిలో కొందరిని తీసుకున్నారు. జాబితాలో పదకొండవ పేరు మా తాతది. పేరు పక్కన తండ్రి పేరు, గ్రామం పేరు కూడా ఉన్నాయి కనుక సందేహానికి చోటు లేదు. బొగ్గు మసిలో పెరిగిన ఒక మనిషి ముప్పై ఏళ్ల వయసులో కొత్త యంత్రాన్ని మొదటి నుంచి నేర్చుకొని, తన చేతితో బిగించిన ఇంజన్ల మీద నమ్మకంతో జనాన్ని ఆకాశంలోకి పంపాడు. పైలట్ అని చెప్పుకోవడం కన్నా ఇది చెప్పుకోవడం నాకు ఎక్కువ గౌరవంగా ఉంది.

ఉప్పల్‌లో ఉంటున్న మా మేనత్తకు ఈ సంగతి చెప్పడానికి మాత్రం నెల రోజులు వెనకాడాను. ఆమెకు అప్పుడు ఎనభై నాలుగేళ్లు. తండ్రి విమానం నడిపాడన్న గర్వంతోనే బతికిన మనిషి. నేను చెప్పినదంతా విని కాసేపు ఊరుకొని, "మోటరు తోలినట్టు తోలెటోడనే అనుకున్న బిడ్డా. కానీ ఆయన చేతులు నాకు యాదికున్నయ్. ఎంత కడిగినా గోళ్ల సందుల నలుపు పోయేది కాదు. తోలెటోల్లకు అట్ల ఎందుకుంటది" అంది. ఆ నలుపు సంగతి ఆమె డెబ్భై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన విషయమని ఆమెకు తోచలేదు.

ఆ రోజే ఆమె రెండవ మాట ఎత్తింది. "మరి ఆడామె తోలుతదన్న మాట?" అని అడిగింది. ఆ మాట నిజమే. ప్రేమ్ మాథుర్ 1947లో వాణిజ్య విమానాలు నడిపే లైసెన్సు తీసుకున్న తొలి భారతీయ మహిళ. అలహాబాదు ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకున్న ఆమె, ఎనిమిది కంపెనీలు ఆడమనిషికి ఉద్యోగం ఇవ్వలేమన్న తరువాత, హైదరాబాదు వచ్చి దక్కన్ ఎయిర్‌వేస్‌లో కో పైలట్‌గా చేరారు. 1949లో జాతీయ విమాన పందెం గెలిచారు. ఆ తరువాత బిర్లాల సొంత విమానం నడిపి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు. దేశంలో మరే కంపెనీ ఇవ్వని అవకాశం మన బేగంపేటలో ఇచ్చారన్నది ఈ ఊరివాళ్లమైన మనం పిల్లలకు చెప్పుకోవలసిన విషయం. మా ఇంట్లో అందరూ నమ్మినది పొరపాటు, అందరూ కొట్టిపారేసినది వాస్తవం. తాత తన గురించి గొప్పలు చెప్పలేదు, ఆయన చెప్పినది ఆమె గురించే. ఆయన గురించి గొప్పగా చెప్పుకొన్నది తరువాతి వాళ్లం.

సర్వీసు రికార్డు అధికారికంగా తెచ్చుకోవాలని సమాచార హక్కు చట్టం కింద కూడా ప్రయత్నించాను. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి 2021 అక్టోబరులో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయానికి దరఖాస్తు పెట్టాను. వారు ఆరవ సెక్షన్ కింద మరొక కార్యాలయానికి బదిలీ చేశారు. ఆ రెండవ కార్యాలయం ముప్పై రోజుల గడువు దాటిన తరువాత, అంత పాత రికార్డులు తమ వద్ద లేవని రెండు వాక్యాల జవాబు ఇచ్చింది. మొదటి అప్పీలు వేశాను, అదే జవాబు మరింత పొడుగ్గా వచ్చింది. ఈలోగా 2022 జనవరి 27న ఎయిరిండియా టాటాల చేతికి వెళ్లింది. ప్రభుత్వ సంస్థ కానిదానికి సమాచార హక్కు వర్తించదు కనుక ఆ దారి అక్కడితో మూసుకుపోయింది. దక్కన్ ఎయిర్‌వేస్ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో ఎయిరిండియాలో కలిసింది, ఎయిరిండియా మొదట దక్కన్ ఎయిర్‌వేస్‌లో భాగస్వాములైన టాటాల దగ్గరికే తిరిగి చేరింది. ఒక కంపెనీ మరొక కంపెనీలో కలిసినప్పుడల్లా విమానాలను లెక్కపెట్టి అప్పగిస్తారు, కాగితాలను మాత్రం బీరువాలతో పాటు ఎక్కడికో పంపేస్తారు. చిన్న ప్రాంతీయ కంపెనీల చరిత్ర ఇంత పలచగా మిగలడానికి ఇదే పెద్ద కారణమని నా నమ్మకం. మూతపడిన కంపెనీకి కనీసం అప్పులవాళ్లు, కోర్టు కాగితాలు ఉంటాయి. విలీనమైన దానికి అవి కూడా ఉండవు.

విలీనం ఎలా జరిగిందో చదివినప్పుడే తాత ఆ చీటీలను ఎందుకు దాచారో నాకు అర్థమైంది. యుద్ధం తరువాత కంపెనీలు ఎక్కువైపోయి, ఉన్న ప్రయాణికులు అన్నిటికీ సరిపోక, చాలావరకు నష్టాల్లో పడ్డాయి. 1950లో రాజాధ్యక్ష కమిటీ ఈ పరిస్థితిని విచారించింది. చివరకు జగ్జీవన్ రాం కమ్యూనికేషన్ల మంత్రిగా ఉండగా 1953లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం వచ్చింది. జె.ఆర్.డి. టాటా జాతీయం చేయడాన్ని గట్టిగా వ్యతిరేకించారు, అయినా ఆగలేదు. 1953 ఆగస్టు 1న దక్కన్ ఎయిర్‌వేస్‌తో పాటు భారత్ ఎయిర్‌వేస్, హిమాలయన్ ఏవియేషన్, కళింగ ఎయిర్‌లైన్స్ వంటి ఎనిమిది సంస్థల సేవలు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పేరుతో ఒక్కటయ్యాయి. కొత్త సంస్థకు మొత్తం 99 విమానాలు వస్తే వాటిలో 74 డకోటాలే.

ఆ చట్టంలో ఇరవయ్యవ సెక్షన్ సిబ్బంది గురించినది. పాత కంపెనీలో 1952 జులై 1కి ముందే చేరి, విలీనం నాటికి ఇంకా పనిలో ఉన్నవారు కొత్త కార్పొరేషన్ ఉద్యోగులవుతారని అది చెబుతుంది. ఈ సెక్షన్ చదివిన రాత్రి నేను మళ్లీ చీటీల కట్ట విప్పాను. 1952 జూన్ చీటీ మడత మిగిలినవాటికంటే ఎక్కువ నలిగి ఉంది. దాని వెనుక గుండ్రటి రబ్బరు స్టాంపు, "చూచితిమి" అని సంతకం ఉన్నాయి. దానిని ఎవరికో తీసుకెళ్లి చూపించారు. తన తరువాత మనవరాలు చరిత్ర రాస్తుందని ఆయన ఈ కట్టను దాచలేదు. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో, ఐదుగురు పిల్లల తండ్రిగా, ఆరున్నరేళ్ల పాటు చేసిన పనికి రుజువుగా దాచుకున్నారు. 1953 ఆగస్టు తరువాతి చీటీ ఒక్కటి కూడా పెట్టెలో లేదు. ఇక అవసరం లేకపోయింది.

పత్రికల కోసం సుల్తాన్‌బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి, అఫ్జల్‌గంజ్‌లోని కేంద్ర గ్రంథాలయానికి చాలా ఆదివారాలు తిరిగాను. ఎక్కువగా ఏమీ దొరకలేదు. కానీ డైరీలో ఒకే ఒక్క పేజీని అర్థం చేసుకోవడానికి ఆ తిరుగుడు పనికివచ్చింది. 1951 నవంబరు 22 తేదీ కింద తాత, "ముఖాం బేగంపేట. పని సాగలేదు" అని మాత్రమే రాశారు. ఆ తరువాత నాలుగు పేజీలు ఖాళీ. నవంబరు 21న దక్కన్ ఎయిర్‌వేస్ డకోటా ఒకటి కలకత్తా డమ్‌డమ్ విమానాశ్రయానికి దిగుతూ, చూపు ఆనని వాతావరణంలో కూలిపోయింది. అందులో ఉన్న పదిహేడు మందిలో పదహారు మంది చనిపోయారు. ఆ విమానం ఇంజన్లను ఎప్పుడో ఒకప్పుడు బేగంపేటలో ఈ చేతులే విప్పి బిగించి ఉంటాయన్న ఆలోచన ఆ నాలుగు ఖాళీ పేజీలను చూసినప్పుడల్లా నాకు వస్తుంది. ఐదవ పేజీలో మళ్లీ "28, 28" అని ఉంది.

2024 జనవరిలో బేగంపేటలో విమానాల ప్రదర్శన జరిగినప్పుడు టికెట్టు కొనుక్కొని వెళ్లాను. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాదుకు తరలిపోయిన తరువాత అక్కడ అడుగుపెట్టడం నాకు అదే మొదలు. అందరూ ఆకాశంలోకి చూస్తూ ఉంటే, నేను ఆ ఫొటోను చేతిలో పట్టుకొని, పన్నెండు మంది ఎక్కడ నిలబడి ఉంటారో చూడాలని కాసేపు ప్రయత్నించాను. ఫొటోలో విమానం ముక్కు పైకెత్తి, తోక నేలకు ఆనించి నిలబడి ఉంది, డకోటాలన్నీ అలాగే నిలబడతాయి. వెనుక ఏ కట్టడమూ కనిపించదు కనుక చోటు గుర్తుపట్టే వీలు లేదు. ఆ ప్రయత్నం అక్కడితో వదిలేశాను.

1947 ఫిబ్రవరి నుంచి 1953 జులై వరకు 78 నెలలు. పెట్టెలో ఉన్న చీటీలు 71. మిగిలిన ఏడింటిలో ఆరు అక్కడొకటి ఇక్కడొకటిగా పోయినవి, వాటికి ముందు వెనుక చీటీల మీద జీతం సరిపోతుంది. ఏడవది ఆబాన్ 1357. అంటే 1948 సెప్టెంబరు, భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చిన నెల. దాని తరువాతి ఆజుర్ 1358 చీటీలో పాత బాకీ కలిపినట్టు లేదు. ఆ నెల జీతం వచ్చిందా లేదా, తాత ఎక్కడున్నారు అన్నది ఏ కాగితంలోనూ లేదు. మేనత్తను అడిగాను. ఆమెకు అప్పుడు ఎనిమిదేళ్లు.

నేను ఇప్పుడు చీటీలన్నిటినీ ఆమ్లం లేని కవర్లలో వరుసగా పెట్టి, స్కాన్ చేసి, ఒక నకలు ఆర్కైవ్స్‌కు ఇవ్వడానికి దరఖాస్తు చేశాను. మెహర్ 1357 కవరుకు, ఆజుర్ 1358 కవరుకు మధ్య ఒక తెల్ల కాగితం పెట్టాను. దానిమీద మేనత్త చెప్పిన మాటలను ఆమె చెప్పినట్టే రాసి, కింద ఆమె సంతకం, తేదీ పెట్టించాను: "నాయిన తొమ్మిది దినాలు ఇంటికి రాలే. ఇమానాలు బందున్నయన్నరు. అమ్మ గడపల కూసునేది, వండేది కాదు. పక్కింటి కాలాబీ మాకు రొట్టెలిచ్చింది. పదో దినం పొద్దుగూకినంక నాయిన నడుసుకుంట వచ్చిండు. చేతులు తెల్లగున్నయ్."